మైదానానికో హెలిపాడ్ కావాలి!

దేశంలో ఫుట్‌బాల్ బాగుపడాలంటే ప్రతి మైదానం నట్టనడుమా ఒక హెలిపాడ్ పోయించాలి! నేనేమీ తమాషాకు అనడం లేదు. కోచ్‌లు, బూట్లు, ఉడకబెట్టిన గుడ్లు, ఇవన్నీ తర్వాత. ముందు సిమెంటు.

నమ్మబుద్ధి కావడం లేదా? అయితే మా ఊరి ఆటగాడు లేవి సంగతి వినండి.

డోన్‌లో బస్సెక్కితే ముప్పావుగంటకు మా ఊరు వస్తుంది. ఊరికి ఒకటే ఆటస్థలం. డ్రిల్లు మాస్టారు గాబ్రియేలు సాయంత్రాలు అక్కడ ఫుట్‌బాల్ ఆడించేవారు. తొంభైతొమ్మిది ఎన్నికలప్పుడు ఒక పెద్దాయన హెలికాప్టర్‌లో వస్తున్నారని, ఆ ఆటస్థలం నడుమ సిమెంటు గద్దె పోశారు. నేలకు జానెడు ఎత్తు. పైన సున్నంతో పెద్ద గుండ్రం, అందులో హెచ్ అక్షరం. పెద్దాయన దిగారు, చెయ్యి ఊపారు, పదకొండు నిమిషాల్లో ఎగిరిపోయారు.

సిమెంటు ఎగరలేదు.

ఎంత ముందుచూపో చూడండి! ఆ రోజు నుంచి గాబ్రియేలు మాస్టారికి సెంటర్ సర్కిల్ గీసే శ్రమ తప్పింది. మైదానం పక్కింటి కృష్ణవేణమ్మకు శెనక్కాయలు ఎండబోసుకోవడానికి రాయీరప్పా లేని చోటు దొరికింది. ఇక నా సంగతంటారా? మైదానమంతా పల్లేరుగాయలు. కాలు పెడితే చెప్పులోంచి కూడా దిగుతాయి. ఒక్క హెలిపాడ్ మీదే ముల్లు లేదు. సాయంత్రం నడక అయ్యాక నేనూ మా ఆవిడా దాని అంచున కూర్చునేవాళ్ళం. "మన కోసమే పోయించినారు, పాపం!" అని ఆమె నవ్వేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. పొద్దు గూకాక కూడా ఆ అంచు ఇంకా కాసేపు వెచ్చగా ఉంటుంది. కాబట్టి హెలిపాడ్ మీద నాకేదో పగ ఉందని ఎవరూ అనుకోవద్దు!

ఇప్పుడు ఆటతీరు దగ్గరికి వద్దాం.

లేవి ఎడమ అంచు వెంట పరుగెత్తేవాడు. ఎందుకు? నడుమ శెనక్కాయలున్నాయి గనక. శెనక్కాయల పక్కన కట్టె పట్టుకుని కృష్ణవేణమ్మ ఉంది గనక. అంత గట్టి డిఫెండర్‌ను నేను ప్రపంచ కప్పులో కూడా చూడలేదు.

"ఒరే లేవీ! నా శెనక్కాయల్లో ఇంగోసారి బంతి పడితే కోసి కూరొండుతా!"

"ఉడకదవ్వా! తోలు శానా గట్టిగుంటాది!"

నేలబారు పాసులు ఇచ్చే వీలు లేక, వాడు ఎడమ అంచు నుంచి బంతిని గాల్లోకి లేపి, అంతెత్తు నుంచి గోలు ముందు దింపడం నేర్చాడు. అదీ తలెత్తి చూడకుండా! చూసే పనేముంది? అక్కడికి జట్టులో వాడి జోడీ ఓబులేశు వస్తాడు. మిగతావాళ్ళంతా హెలిపాడ్ చుట్టూ తిరిగి వచ్చేలోపు, ఓబులేశు ఒక్కడే దాని మీదికి ఎగిరి, శెనక్కాయల నడుమ ఖాళీ చూసుకుని నాలుగు అంగలు వేసి, అవతలి అంచు నుంచి దూకి, బంతి కింద నిలబడేవాడు. ఒకడు చూడకుండా వెయ్యడం, ఒకడు అడక్కుండా రావడం. టీమ్‌వర్క్ అంటే ఇంకేమిటి? గడ్డి పరిచిన స్టేడియంలో ఈ చదువు అబ్బుతుందా?

రెండువేల ఒకటిలో కడప జట్టు మా ఊరికి ఆడ్డానికి వచ్చింది. ఓబులేశు, లేవి ఇద్దరి పేర్లూ విని గోవా క్లబ్బు తరఫున ఒకాయన కూడా వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. చెరొక గోలు. ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుంది. లేవి మామూలుగానే చూడకుండా బంతి వేశాడు. ఓబులేశు మామూలుగానే హెలిపాడ్ మీదికి ఎగిరాడు. దిగేటప్పుడు కాలు అంచున పడి, మోకాలు మెలిదిరిగింది.

బంతి ఖాళీ చోట పడింది. కంగారులో కడప కుర్రాడొకడు దాన్ని తన గోలులోకే తన్నుకున్నాడు. గెలిచాం! ఊరంతా గోలు వైపు పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను, అబద్ధమెందుకు? ఒక్క లేవి మాత్రం అటు కాకుండా సిమెంటు వైపు పరుగెత్తాడు. గెలిచినప్పుడు ఎటు పరుగెత్తాలో కూడా తెలియని మనిషి!

ఇద్దరిని తీసుకుపోదామని వచ్చిన గోవా ఆయన ఒకరిని తీసుకుపోయాడు. రెండో టికెట్టు ఖర్చు ఆయనకు తప్పించింది కూడా హెలిపాడే.

ఏడేళ్ళయింది. ఇప్పుడు లేవి ఫొటోలు పేపర్లో వస్తున్నాయి. మొన్నామధ్య విలేఖరి ఒకరు అడిగారు, అంచు నుంచి గాల్లో వేసే ఈ క్రాస్ ఎక్కడ నేర్చుకున్నావని. "హెలిపాడ్ పక్కన సార్" అన్నాడట. గెలుపంటే నీ దృష్టిలో ఏమిటని అడిగితే, "మ్యాచ్ అయినాక పదకొండు మందీ ఎవరి కాళ్ళతో వాళ్ళు బయటికి నడవడం" అన్నాడట. ఇదేం జవాబండీ? గోల్స్ చెప్పాలి, కప్పులు చెప్పాలి! కాళ్ళు లెక్కబెట్టుకునేవాణ్ణి ప్రొఫెషనల్ ఆటగాడంటారా?

ఏమైనా మా ఊరి పేరు పేపర్లోకెక్కింది. వెంటనే సన్మాన సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు నూనె మిల్లు రాఘవేంద్రప్రసాద్. ఈ ఏప్రిల్‌లో లేవి ఊరికి రాగానే సంఘమంతా ఆయన ఇంట్లో కూర్చుంది. సన్మాన పత్రంలో తప్పులు దిద్దడానికి నేనూ ఉన్నాను.

"శాలువా వద్దన్నా, దండా వద్దు" అన్నాడు లేవి. "ఆ సిమెంటు తీపియ్యండి. ఈ ఎండాకాలం నెలరోజులు ఈడనే ఉండి పిల్లోల్లకు ఆట నేర్పిస్తా. నాకు అది సాలు."

రాఘవేంద్రప్రసాద్ నోరు తెరుచుకుని చూశారు.

"ఏమప్పా అట్లంటావు! తీసేస్తే పెద్దాయన యాడ దిగాల? నీ సన్మానానికే గదప్పా ఆయన వచ్చేది!"

"రోడ్డుండాది గదన్నా."

"రోడ్డు మీద వస్తే అది సన్మానమెట్లయితాది? పైగా ఈసారి రెండు హెలికాప్టర్లంట. అందుకని ఇంగోటి గూడా పోయిస్తాండాం. నీ కోసమేనప్పా!"

సన్మాన పత్రంలో 'క్రీడాభివృద్ధి' అన్న మాట దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. అక్షరదోషమేమీ కనబడక ముందుకు సాగింది.

రెండో హెలిపాడ్ ఎక్కడ పోశారంటారా? ఎడమ అంచున. లేవి పరుగెత్తిన చోటే. ఒక ఆటగాడికి ఇంతకన్నా గొప్ప స్మారకం ఉంటుందా? బతికుండగానే, అతని దారి పొడవునా, ఆరంగుళాల మందాన!

సన్మానం రోజు గాలి ఎక్కువగా ఉందని పెద్దాయన కర్నూలు నుంచి కారులో వచ్చారు. పాత హెలిపాడ్ మీద వేదిక. కొత్త హెలిపాడ్ మీద కార్లు. "జిల్లా మొత్తమ్మీద రెండు హెలిపాడ్లున్న మైదానం మీదే!" అని పెద్దాయన అనగానే చప్పట్లు. నా పక్కన కూర్చున్న కృష్ణవేణమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది.

"శానా మేలు చేసినారు సామీ. ఇంగ మిరపకాయలు గూడా ఎండబోసుకుంటా."

తర్వాత లేవిని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేవి మైకు పట్టుకుని, "ఓబులేశూ, పైకి రా" అన్నాడు. బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీల బండి పెట్టుకున్న ఓబులేశు, చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, ఎక్కలేక ఎక్కి వచ్చాడు. లేవి తనకు కప్పిన శాలువా తీసి అతనికి కప్పి, మైకు వెనక్కిచ్చేశాడు. ఒక్క మాటే! అంత పెద్ద సభలో, పెద్దాయన ముందు!

కార్లు పోయాయి. జనం పోయారు. హెలిపాడ్ అంచు దగ్గర ఓబులేశు ఆగాడు. ఆ జానెడు దిగడానికి ఆ మోకాలు ఒప్పుకోదు. లేవి ముందుగా దిగి, ఏమీ అడక్కుండా భుజం ఇచ్చాడు.

"గోవాలో గూడా సూడకుండానే ఏస్తాండావా?" అన్నాడు ఓబులేశు, ఆ భుజం మీద బరువేసి.

"మొదట్లో ఏసినా. ఆడ ఎవురున్నారని ఏసినావురా అని కోచ్ తిట్టె."

"ఏమంటివి?"

"వస్తాడు సార్ అంటి."

ఓబులేశు నవ్వాడు. దిగాడు.

మర్నాడు లేవి గోవా బస్సెక్కాడు. పిల్లలకు నేర్పించడానికి చోటు లేదు కదా! కుడివైపు ఇరవై అడుగుల నేల ఇంకా వృథాగా పడి ఉంది గానీ, అందులో ఫుట్‌బాల్ ఆడలేరు.

అందుకని, అయ్యా పెద్దలారా, మూడో హెలిపాడ్ కోసం ఈ ఊరి పౌరుడిగా నేను మనస్ఫూర్తిగా విన్నవించుకుంటున్నాను. ఒకే ఒక చిన్న కోరిక. ఈసారి జానెడు ఎత్తు వద్దు. బెత్తెడు చాలు. వీలైతే నేలకు సమంగా పోయించండి. పనిలో పనిగా పాత రెండింటినీ కూడా అలాగే కిందికి దించండి. ఇంకాస్త కిందికి పోయి, సిమెంటు మీదికి మోకాలి లోతు మట్టి వచ్చినా మేమేమీ అనుకోం. అసలక్కడ హెలిపాడ్ ఉందన్న సంగతే పిల్లలకు తెలియకపోయినా ఫర్వాలేదు.

అంచు పోతే సాయంత్రాలు నేనెక్కడ కూర్చుంటానంటారా? నేల మీద కూర్చుంటాను. పల్లేరుగాయలు ఏరుకుంటూ ఆట చూస్తాను.