ఫార్ములా గారి లెక్కలూ, బరువులూ

ఆయన అసలు పేరు ఆఫీసులో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ఫార్ములా గారే. ఫ్యాను ఆగినా, ఫైలు పోయినా, పై అధికారికి కోపం వచ్చినా "దీనికో ఫార్ములా ఉందండీ" అని మొదలుపెట్టేవారు. ఆ ఫార్ములా ఏమిటో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఇంకో అడుగు ముందుకేశారు. పెళ్లైన కొత్తలో భార్యతో "కాలిక్యులస్ అంటే నాకు ఎడమచేతి పని" అన్నారు. నిజానికి డిగ్రీ చివరి ఏడాది ఆ పేపరు ఆయన్ని రెండు చేతులా ఎత్తి కింద పడేసింది. ఆయన చేరిన నీటి సరఫరా ఆఫీసు డిగ్రీ అడగలేదు కాబట్టి, ఇరవై రెండేళ్లుగా ఆ సంగతి ఆయన కడుపులోనే కదలకుండా పడుంది.

కూతురు ఇంజనీరింగ్‌లో చేరాక అది కదిలింది.

మొదటి వారమే ఇరవై లెక్కలున్న కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. సగం ఫిజిక్సు, సగం కాలిక్యులసు.

"నాన్నా, ఇవి మింగుడుపడట్లేదు. నీకు ఎడమచేతి పనటగా, అమ్మ చెప్పింది."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎటునుంచి చూసినా ఒకేలా భయపెట్టింది.

"అక్కడ పెట్టమ్మా. ఇలాంటివి పొద్దున్నే తాజా బుర్రతో చెయ్యాలి."

"అదెక్కడైనా దొరికితే నాకూ కాస్త పట్టుకురండి," అంది భార్య వంటింట్లోంచి. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. గుచ్చడం అలవాటు. ఇంట్లో సూది కూడా అక్కర్లేదు.

కూరగాయలు తరుగుతూనే మాటల్లో ఇంకో కబురు చెప్పింది. వీధి చివరి జిమ్‌కి రోజూ పొద్దున ఒక రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు వస్తుందట. అరవై మూడేళ్ల మనిషి, తన బరువుకు మించిన బరువు ఎత్తుతుందట. అక్కడ ఆవిడని టన్ను టీచరంటారట.

ఫార్ములా గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఏమోయ్, రేపట్నుంచి నేను జిమ్‌కి వెళ్తున్నా."

ఐదేళ్లుగా ఆయన్ని నడకకైనా పంపలేక విసిగిపోయిన భార్య కత్తి పక్కన పెట్టి, "నిజంగానా?" అని మాత్రం అంది.

మర్నాడు సంచిలో తువ్వాలు, తువ్వాలు మడతలో లెక్కలు. టన్ను టీచరు ముందు కాగితం చూసింది, తర్వాత ఆయన పొట్ట చూసింది.

"జవాబులు ఊరికే రావు బాబూ. లెక్కకు మూడు విడతల కసరత్తు. ముందు బరువు, తర్వాతే బుర్ర."

ఇనప కడ్డీని తల మీదికెత్తి కదలకుండా పట్టుకోమంది. చేతులు వణికాయి. మెడ ఎక్కడికో వెళ్లిపోయింది.

"ఇప్పుడు ఆ బరువు మీద నువ్వు చేస్తున్న పని ఎంత?"

"చచ్చేంత."

"సున్నా. బరువు కదలట్లేదుగా. కదలకపోతే ఫిజిక్సులో పని చేసినట్టు కాదు."

"మా ఆవిడా ఇంట్లో నా గురించి అచ్చం ఇదే అంటుందండీ," అన్నారు ఆయన మూలుగుతూ.

అలా మూడు నెలలు గడిచాయి. బస్కీలు తీసిన రోజు మెట్లు వెనక్కి తిరిగి దిగేవారు. చేతులకు కసరత్తు చేసిన రోజు తల దువ్వుకోవడానికి తలనే దువ్వెన దగ్గరికి తీసుకెళ్లేవారు. అయినా ఆవిడ చేసిచ్చిన లెక్కలన్నీ తన దస్తూరీలోకి ఎక్కించి కూతురికి అందించేవారు. ప్యాంటు వదులైంది. అబద్ధం మాత్రం రోజురోజుకీ బిగుసుకుంది.

ఒక ఆదివారం పొద్దున కూతురి స్నేహితులు ఆరుగురు నోటుపుస్తకాలతో దిగారు. భార్య అప్పటికే కుర్చీలు వేసి గోడకు బోర్డు తగిలించేసింది.

"పిల్లలకి కాస్త చెప్పండి. మీకెంతసేపు పని?"

ఆయన స్నానాలగదిలోకి దూరి టీచరుకు ఫోన్ చేశారు. ఆవిడ జిమ్‌లో ఒకావిడకి బస్కీలు నేర్పిస్తోంది. సరే, ఫోన్ పెట్టెయ్యకు, చెబుతాను అంది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, ఫోను ఆ మడతల్లో దోపి ఆయన బయటికొచ్చారు.

"జలుబు," అన్నారు ఎవరూ అడక్కముందే.

పిల్లలు చూపించిన మొదటి లెక్కలో వేగం త్రీ టీ స్క్వేర్ ప్లస్ టూ టీ అట. రెండు సెకన్లలో వస్తువు ఎంత దూరం పోతుంది? లెక్క గట్టిగా చదివి, చెవిలో పడ్డది పడ్డట్టు చెప్పడం మొదలుపెట్టారు.

"ముందు ఇంటిగ్రేట్ చెయ్యాలి. టీ క్యూబ్ ప్లస్ టీ స్క్వేర్. నడుము కిందికి. ఇంకా కిందికి."

ముందు వరుసలో ఒకమ్మాయి బుద్ధిగా రాసుకుంది. పక్కనున్న అబ్బాయి చెయ్యెత్తాడు. "అంకుల్, టీ స్క్వేర్ తర్వాత నడుమెక్కడిది?"

"దీనికో ఫార్ములా ఉంది బాబూ. మోకాళ్లు లోపలికి రానివ్వకూడదు." తానేమన్నారో అప్పుడు తెలిసింది. కంగారులో తల విదిల్చారు. తువ్వాలు జారింది, ఇయర్‌ఫోను ఊడింది, ఫోను నేల మీద పడి హాలంతా వినబడేలా మాట్లాడింది.

"నీక్కాదు బాబూ, ఈవిడకి చెప్తున్నా. నువ్వు టీ బదులు రెండు వెయ్యి. ఎనిమిదీ నాలుగూ పన్నెండు."

పిల్లలు పకపకా నవ్వారు. కూతురు నవ్వలేదు. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"నాకు కాలిక్యులస్ రాదమ్మా. అప్పుడూ రాలేదు. డిగ్రీ అక్కడే ఆగిపోయింది. పద్దెనిమిది మార్కులు."

"పదహారు," అంది భార్య. "నిజం చెప్పేటప్పుడైనా రెండు మార్కులు కలపకండి."

"నీకెలా తెలుసు?"

"పెళ్లైన రెండో నెల్లో మీ పెట్టె సర్దుతుంటే మార్కుల కాగితం దొరికింది."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తారు. ఒకటే అయితే గుర్తుపెట్టుకోవడం ఇద్దరికీ తేలిక."

కూతురు పక్కకొచ్చి నిలబడింది. "ఆ లెక్కలు నేనెప్పుడో చేసుకున్నాను నాన్నా. నువ్వు తెచ్చినవాటితో సరిచూసుకునేదాన్ని. టీచరుగారు రెండు తప్పు చేశారు."

"మరి ఇదంతా ఎందుకు?"

భార్య అలమారలోంచి కాగితం తీసింది. ఆమె గొంతు కాస్త తగ్గింది. "మూడు నెలల క్రితం మీ రక్తంలో చక్కెర హద్దు మీదుంది. డాక్టరుగారు మందులు మొదలుపెడదామన్నారు. మీకు చెప్పకుండా నేను మూడు నెలలు గడువు అడిగాను. నడవమంటే మీరు నడవరు, పరువు పోతుందంటే పరిగెత్తుతారు. టీచరుగారు మా ల్యాబుకే వస్తారు. ఆవిడతో ముందే మాట్లాడాను. నిన్న తీసిన రక్తం ఫలితం పొద్దునే వచ్చింది. మామూలుకొచ్చేసింది."

ఆయన ఆ అంకె చూశారు. భార్య చెయ్యి చూశారు. పొద్దునే వచ్చిన కాగితం అప్పుడే ఆమె వేళ్ల మధ్య మడతల దగ్గర నలిగిపోయింది. మూడు నెలలుగా భయపడింది తానొక్కరే కాదన్నమాట. ఆయనకు సిగ్గేసింది. దాని వెనకే, కడ్డీ కింద పెట్టినప్పుడు భుజాలకు కలిగేలాంటి హాయి ఒంటినిండా పాకింది.

పిల్లల మధ్య చోటు చూసుకుని నేల మీద కూర్చున్నారు. కూతురు సుద్దముక్క తీసుకుని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది.

"నాకర్థం కాలేదు. మళ్లీ చెప్పు," అన్నారు ఫార్ములా గారు. ఇరవై రెండేళ్లుగా అనలేకపోయిన మాట, ఇంత తేలిగ్గా వచ్చేసింది. అది బాగుందనిపించి ఇంకో రెండుసార్లు కూడా అన్నారు.

"నాకూ అర్థం కాలేదు. ఆయన అడుగుతున్నారు కదా అని ఊరుకున్నా," అంది గుమ్మంలోంచి భార్య.

ఫార్ములా గారు కాస్త జరిగి ఆమెకు చోటిచ్చారు.