మొర్రివాగు వంతెనకు కృతజ్ఞతలు

ఆదిలాబాద్ జిల్లా వెనకబడి ఉండటానికి కారణమేమిటో ఎమ్మెల్యే అరుణ్‌కుమార్ గారు కనిపెట్టారు. రోడ్లు లేకపోవడం కాదు, నీళ్లు లేకపోవడం కాదు. ఉన్నాయని చెప్పేవాళ్లు లేకపోవడం.

ఈ సంగతిని ఆయన తన పుట్టినరోజు సభలో ప్రకటించారు.

"పని చేసుడు ఎవ్వడైన చేస్తడు. చేసినట్టు చెప్పుడే అసలు చదువు. గా చదువును నేను మన జిల్లాకు తెస్తున్న."

ఆ విధంగా అరుణోదయ పీజీ కాలేజీ ఏర్పడింది. స్ట్రాటజిక్ కమ్యూనికేషన్ అండ్ మీడియా, రెండేళ్ల కోర్సు. చైర్మన్ పదవికి ఎమ్మెల్యే గారి బావమరిది ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆయనకు మూతబడిన జిన్నింగ్ మిల్లు ఒకటి ఉంది. తరగతులు అందులోనే. పాఠం జరుగుతుంటే పైకప్పు సందుల్లోంచి పాత దూది రాలేది. సాయంత్రం బయటికొచ్చే విద్యార్థులు తలలు నెరిసి ప్రొఫెసర్లలా కనిపించేవారు.

సభ ముగిసేముందు ఎమ్మెల్యే గారు ఇంకో మాట అన్నారు. ఫస్టు ర్యాంకు వచ్చిన ప్రాజెక్టును తానే స్వయంగా అమలు చేస్తానని. చప్పట్లు అందరూ కొట్టారు. నమ్మింది మాత్రం ఉమారాణి ఒక్కతే.

ఉమారాణిది మొర్రిగూడ. ఆ ఊరికీ ఆదిలాబాద్ రోడ్డుకీ మధ్య మొర్రివాగు. వానాకాలంలో వాగు వస్తే ఊరు ఊరిలోనే ఉండిపోతుంది. అందుకని మొర్రిగూడలో ఒక పద్ధతి ఉంది. నెలలు నిండే ఆడవాళ్లను మృగశిర రాకముందే వాగు దాటించి, పట్నంలో చుట్టాల ఇంట్లో దింపుతారు. కాన్పయ్యాక వాగు తగ్గితే తెచ్చుకుంటారు. ఆ ఊళ్లో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పొలం ఎంతని తర్వాత అడుగుతారు. అవతలి గట్టున మీవాళ్లెవరున్నారని ముందు అడుగుతారు.

వంతెన కోసం ఉమారాణి బాపు బాలమల్లు పదవిలోకి వచ్చిన ప్రతి ఎమ్మెల్యేకూ దండం పెట్టాడు. అందరూ తిరిగి దండం పెట్టారు. బాపు దండాలతో కానిది తన ర్యాంకుతో అవుతుందని ఉమారాణి పీజీలో చేరింది.

కోర్సుకు పెద్ద దిక్కు హనుమండ్లు సార్. అంతకుముందు ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెప్పేవారు.

"కప్పను కోస్తే లోపల ఏమున్నదో తెలుస్తది" అన్నారు మొదటిరోజు. "లీడర్‌ను కొయ్యరాదు. అందుకే ఈ సబ్జెక్టు పెట్టిన్రు."

ఫ్లెక్సీ మీద ఎవరి ముఖం ఎంత ఉండాలి, ఎవరి భుజం పక్కన ఎవరి భుజం రావాలి అన్నది ఒక పేపరు. పాలాభిషేకం ప్రాక్టికల్. ఒక పాలప్యాకెట్‌కు బకెట్ సున్నపు నీళ్లు కలపాలి.

"కెమెరాకు నాలుకుంటదా?" అని అడిగేవారు సార్.

"ఉండది సార్" అనేది క్లాసు.

కాలేజీకి మీడియా సెల్ ఒకటి ఉండేది. వార్త, ఫొటో, హెడ్డింగు అక్కడే తయారై వాట్సాప్‌లో విలేకరుల గ్రూపుకు వెళ్లేవి. విలేకరులు పైన తమ పేరు పెట్టుకుని పేపర్లకు పంపేవారు. ఎండకు తిరిగే పని తప్పినందుకు వాళ్లు ఎమ్మెల్యే గారికి రుణపడి ఉన్నారు. ఉమారాణి రాతలో దిద్దడానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ గ్రూపును సార్ ఆమెకు అప్పగించారు.

మొదటి ఏడు చివర్లో సార్ కోర్సుకు ప్రాణం లాంటి సూత్రం చెప్పారు.

"పని అయినంక థాంక్స్ చెప్తే దాన్ని మర్యాద అంటరు. పని కాకముందే చెప్తే స్ట్రాటజీ అంటరు. థాంక్స్ తీసుకున్న లీడర్ మల్ల వెనకకు ఇయ్యలేడు."

ఉమారాణి ఆ వాక్యం కింద గీత గీసుకుంది. ప్రాజెక్టు పేరు అక్కడికక్కడే రాసుకుంది: మొర్రివాగు వంతెన మంజూరుకు కృతజ్ఞతలు.

వారం తిరక్కుండా ఆదిలాబాద్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. మొర్రిగూడ జనం ట్రాక్టరెక్కి వచ్చారు. అరుణన్న ముఖం మీద మొదటి చెంబు ఉమారాణి నాయనమ్మ బుచ్చవ్వ పోసింది. పోసి, వేలు నాలుకకు రాసుకుని ఉమ్మేసింది.

"థూ, సున్నం! గా పొల్లగానికి గింత సున్నం పూస్తే కండ్లు మండయా?"

"అది ఫొటో, అవ్వా" అంది ఉమారాణి.

"ఫొటోకైతే వంతెన ఫొటోనే ఇస్తడు."

మర్నాడు పేపర్లన్నిట్లో వార్త వచ్చింది. అక్షరం మారలేదు. పదిగంటలకు ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసు నుంచి ఉమారాణికి పిలుపు. తలుపు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఎమ్మెల్యే గారు పేపరు చదువుతున్నారు. ఎదురుగా సన్నీ. సన్నీ ఆయనకు పీఏ, ఫొటోగ్రాఫర్, యువసేన అధ్యక్షుడు. ఆయన మాటలకు జ్ఞాపకశక్తి కూడా.

"సన్నీ, మొర్రివాగు మీద వంతెన ఎప్పుడిచ్చిన?"

"మీకే తెల్వాలన్నా."

"ఇచ్చిన్నా?"

"పేపర్ల వచ్చిందన్నా."

"పాలాభిషేకం?"

"అయ్యిందన్నా. బస్టాండు కాడ."

ఎమ్మెల్యే గారు ఫొటోలో తెల్లగా కారుతున్న తన ముఖాన్ని కాసేపు చూసుకున్నారు.

"అయితే ఇచ్చినట్టే" అన్నారు.

ఉమారాణికి గుండె నిండింది. సార్ చెప్పింది అచ్చం చెప్పినట్టే జరిగింది. లోపలికి వెళ్లి దండం పెట్టి, పని ఎప్పుడు మొదలవుతుందని అడిగింది.

"షురువైంది గదమ్మా. నువ్వే షురు జేసినవ్" అన్నారు ఎమ్మెల్యే గారు.

ఆ తర్వాత వంతెన పనులు ఎక్కడా ఆగలేదు.

వాగు దాకా కాన్వాయ్ వెళ్లే దారి లేదు కాబట్టి శంకుస్థాపన కాలేజీ గేటు పక్కన జరిగింది. శిలాఫలకం ఇప్పటికీ అక్కడే ఉంది. సైకిళ్లు ఆనించడానికి పనికొస్తోంది. దసరాకు పిల్లర్లు లేచాయి. అవి మహారాష్ట్ర వైపు వెళ్లినప్పుడు సన్నీ బస్సు కిటికీలోంచి తీసుకొచ్చిన పిల్లర్లు. సంక్రాంతి దాటాక రెయిలింగ్‌కు రంగులు పడ్డాయి. రంగుల ఎంపిక కంప్యూటర్ ముందు కూర్చుని ఎమ్మెల్యే గారే స్వయంగా చేశారు.

ఫ్లెక్సీ మీద ప్రారంభోత్సవం అనే మాట కనిపించిన రోజు ఉమారాణి హనుమండ్లు సార్ గదికి వెళ్లింది.

"సార్, వంతెన లేదు."

"ఏ వంతెన?"

"మా వంతెన సార్. వాగు మీద ఏం లేదు. ఒక్క ఇటుక సుత లేదు."

సార్ తల మీది దూది దులుపుకున్నారు.

"ప్రాజెక్టు రిపోర్టు చివర్ల లిమిటేషన్స్ అని ఒక పేజీ ఉంటది. అండ్ల రాయి."

"ఏమని సార్?"

"అధ్యయన కాలంలో వంతెన అందుబాటులో లేదు అని. ఎగ్జామినర్లకు నిజాయితీ అంటే పాణం."

ప్రారంభోత్సవం జిన్నింగ్ మిల్లులో జరిగింది. గోడకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వంతెన ఫ్లెక్సీ కట్టారు. దీపాలున్న వంతెన. కింద నీళ్లు నీలంగా ఉన్నాయి. ఎమ్మెల్యే గారు రిబ్బన్ కత్తిరించి, ఫ్లెక్సీ ముందు ఎడమ చివర నుంచి కుడి చివరకు నడిచారు. అవతలి గట్టుకు చేరగానే బావమరిది పూలదండ వేశారు. లోకల్ టీవీలో మూడుసార్లు చూపించారు.

సభ అయ్యాక బాలమల్లు మేకులు ఊడదీసి ఆ ఫ్లెక్సీని చుట్టి చంకన పెట్టుకున్నాడు. పశువుల కొట్టం మీద కప్పడానికి. మొర్రిగూడకు వంతెన చేరింది అలాగే.

మర్నాడు తండ్రీకూతుళ్లు ఇంజనీరు ఆఫీసుకు వెళ్లారు. వంతెన కావాలని బాలమల్లు అడిగాడు. ఇంజనీరు కళ్లజోడు తీశాడు.

"ఏ ఊరు?"

"మొర్రిగూడ సార్."

"నిన్ననే అయ్యింది గదనయ్యా! టీవీల నేను చూసిన, మా అత్తమ్మ చూసింది. ఒక్క వాగుకు రెండు వంతెనలిస్తే రేపు అన్ని ఊర్లోళ్లు వచ్చి కూసుంటరు."

"అది బట్ట మీద ఉన్న వంతెన సార్" అంది ఉమారాణి.

"ఎవలు చెప్పిన్రు?"

"నేనే కట్టిన సార్."

ఇంజనీరు బాలమల్లు వైపు జాలిగా చూశాడు. "బిడ్డకు జర రెస్టియ్యి" అన్నాడు.

ఊరు చేరాక బాలమల్లు, "ఇదివరకు లేకుంటుండె. ఇప్పుడు రాకుంట అయ్యింది" అన్నాడు.

ఉమారాణి వదిన కోమలకు అప్పుడు ఏడో నెల. అన్న రాకేశ్ దుబాయ్‌లో ఉన్నాడు. మే నెలాఖర్లో, పద్ధతి ప్రకారం, కోమల ఆదిలాబాద్‌లో ఉన్న తన చిన్నమ్మ సరోజనకు ఫోన్ చేసింది.

"మీకు వంతెనొచ్చింది గదనే! ఇంక నా ఇంట్లెందుకు?" అంది సరోజన.

"వంతెన రాలే చిన్నమ్మా."

"గీ కథలు నా తాన చెప్పకు. లైట్లు సుత పెట్టిన్రు, నేను చూసిన. నొప్పులు మొదలైతే కారేసుకొని రాండ్రి. వచ్చేటప్పుడు ఫోన్ చెయ్యి, చాయ్ పెడత."

ఉమారాణి ఫోన్ తీసుకుని బతిమాలింది. సరోజన నమ్మలేదు. అవతలి గట్టున వాళ్లకు వేరే దిక్కు లేదు. ఆ వార్త రాసింది ఎవరో ఆమెకు తెలియదు కానీ, బాగా రాశారని మెచ్చుకుంది.

జూన్‌లో వైవా జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ లిమిటేషన్స్ పేజీ చదివి, ఇంత నిజాయితీ ఈ మధ్య చూడలేదన్నారు. ఉమారాణికి ఫస్టు ర్యాంకు. మెడల్ ఎమ్మెల్యే గారి చేతుల మీదుగా. మెడలో పడుతుండగానే ఆమె మెల్లగా అడిగింది.

"అన్నా, ఫస్టు ర్యాంకు ప్రాజెక్టును అమలు చేస్తనన్నరు."

ఎమ్మెల్యే గారు కెమెరా వైపే చూస్తూ, నవ్వు చెదరకుండా జవాబిచ్చారు.

"అమలైనందుకే గదమ్మా ఫస్టు ర్యాంకు."

అదే వేదిక మీద ఆమెను మీడియా సెల్ ఇన్‌చార్జిగా ప్రకటించారు.

ఆగస్టులో మొర్రివాగు వచ్చింది. నాలుగోరోజు పొద్దున కోమలకు నొప్పులు మొదలయ్యాయి. ఉమారాణి అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. కాసేపటికి అవతలి గట్టు నుంచి డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అక్కా, బ్రిడ్జి ఏడున్నది? వాగెంబడి పైకి పోయిన, కిందికి పోయిన. దొరుకుతలేదు."

"లేదన్నా."

"గట్లెట్ల లేదక్కా? నేనే స్టేటస్ పెట్టుకున్న!"

కోమలను నులక మంచం మీద పడుకోబెట్టి, తలాపున బుచ్చవ్వను కూర్చోబెట్టి నలుగురు భుజాలకెత్తుకున్నారు. వాన కుండపోతగా ఉంది. బాలమల్లు కొట్టం మీది ఫ్లెక్సీ లాగి తెచ్చి మంచం మీద కప్పాడు. దీపాలు, రెయిలింగు, దండం పెడుతున్న ఎమ్మెల్యే గారు. వాగు నడుమకు వచ్చేసరికి నీళ్లు మోసేవాళ్ల ఛాతీ దాటాయి. మంచం ఒకసారి పక్కకు ఒరిగింది. ఉమారాణి మంచం కోడు పట్టుకుని నడుస్తోంది.

"ఉమా" అంది లోపలి నుంచి కోమల. "నీ వంతెన కింద ఊపిరాడుతలేదే."

ఉమారాణి ఒక చేత్తో ఫ్లెక్సీ అంచు ఎత్తిపట్టుకుంది. ఆ చేతిని అవతలి గట్టు దాకా దించలేదు.

ఆస్పత్రిలో మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కబురు ఎట్లా తెలిసిందో, సన్నీ ఫోన్ చేశాడు.

"కంగ్రాట్స్ అక్కా. వాగు దాటినప్పటి ఫొటో అంబులెన్స్ డ్రైవర్ స్టేటస్‌ల చూసిన. అన్న అడుగుతుండు. అరుణన్న వంతెన నీడల సుఖ ప్రసవం అని ఒక వార్త కొట్టు. నీళ్లు కనపడకుంట కట్ జెయ్యి."

ఉమారాణి తడి చీర కొంగు పిండుకుంది.

"సరే సన్నీ. ఇయ్యాల్నే రాస్త" అంది.

రాసింది. గ్రూపులో పెట్టింది. మోసిన నలుగురినీ, బాలమల్లునూ, బుచ్చవ్వనూ వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లొచ్చింది. అక్కడి ఫొటో కూడా పెట్టింది.

మర్నాడు పొద్దున సన్నీ ఆస్పత్రి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. బాలింతల వార్డులో ఉమారాణి పిల్లను ఒళ్లో పెట్టుకుని ఉంది. పక్కన బుచ్చవ్వ. సన్నీ నోరు తెరిచేలోపే చేతిలో ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కాడు.

"సన్నీ, నేను రాజీనామా ఎప్పుడు చేసిన?"

"మీకే తెల్వాలన్నా."

"చేసిన్నా?"

"పేపర్ల వచ్చిందన్నా. అన్నిట్ల వచ్చింది. వంతెన కట్టనందుకు నైతిక బాధ్యత వహించి రాజీనామా చేసిన అరుణన్నకు మొర్రిగూడ ప్రజల కృతజ్ఞతలు అని."

"పార్టీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పు, నేను చేయలేదని!"

"వాళ్లే చేసిన్రన్నా. మీ త్యాగం గొప్పదన్నరు. మన బావమరిది పొద్దుగాలనే పోయి ఉప ఎన్నికల టికెట్‌కు దరఖాస్తు ఇచ్చిండట."

"మరి ఖండన రాయిర్రి! ఎవలు రాస్తరు ఖండన?"

"మీడియా సెల్ అన్నా."

సన్నీ ఉమారాణి వైపు చూశాడు. ఉమారాణి పిల్ల మీద వాలిన ఈగను తోలుతోంది.

ఫోన్‌లో ఎమ్మెల్యే గారి గొంతు తగ్గింది.

"పాలాభిషేకం గిట్ల ఏం కాలే గద?"

"అయ్యిందన్నా. బస్టాండు కాడ."

"సున్నం నీళ్లే గద?"

సన్నీకి ఆ సంగతి తెలియదు. బుచ్చవ్వ మంచం పట్టుకుని లేచి, ఫోన్ దగ్గరికి వంగింది.

"కాదు బిడ్డా" అంది. "ఈపారి అసలు పాలే పోసినం."