పురుగుల వాటా

సీతాకోకచిలుకలు లేకపోవడం దేశానికెంత మేలో మీరెప్పుడైనా ఆలోచించారా? లేదు. అందుకే మనం ఇలా ఉన్నాం!

నమ్మకపోతే నిడదవోలు అవతల మెట్టరైతు పెద్దిరాజుని చూడండి. కిందటేడు ఆయన పురుగు పట్టని కొత్తరకం మొక్కజొన్న ట్రయల్ వేశాడు. ఆకు కొరికిన పురుగు అక్కడికక్కడే హరీ!

విత్తనాల సంచీతోపాటు కంపెనీ ఏజెంటు శ్యాంబాబు ఒక చిన్న పొట్లం కూడా ఇచ్చాడు.

"ఇవి మామూలు గింజలండి. చేను చుట్టూ నాలుగు వరసలు వెయ్యండి. కొన్ని పురుగులు అక్కడ తిని బతకాలండి. లేకపోతే మిగిలేవన్నీ దేనికీ చావని మొండివైపోతాయండి."

పెద్దిరాజుకి ఒళ్లు మండింది. సొంత బావమరిదికే మారు వడ్డించని మనిషి, పురుగులకి విస్తరి వేస్తాడా?

"బాగుందయ్యా! దొంగని పిలిచి భోజనం పెట్టమంటావా?" అని పొట్లం కాలవలోకి విసిరేశాడు.

ఇహ చూడండి వైభోగం! కంకికి చిల్లు లేదు. పెరట్లో కరివేపాకు మీద గొంగళి లేదు. సీతాకోకచిలుకల వెంటపడి పిల్లలు మోకాళ్లు చెక్కుకోవడం లేదు. కవులకి ఒక ఉపమానం తగ్గింది, పాఠకులకి ఎంత ఊరట! ఇదంతా ఆ చేలోంచి గాలికి ఎగిరొచ్చిన పుప్పొడి వల్లనా, మరి దేనివల్లనా అని సైంటిస్టులు తగువులాడుకుంటున్నారు. ఆడుకోనివ్వండి, వాళ్లకీ పనుండాలి కదా!

పనంటే గుర్తొచ్చింది, పెద్దిరాజుకీ ఒకటి దొరికింది.

ఆయన భార్య సూర్యకళకి దొడ్లో పొట్లపాదుంది. ఆ కాయలు సంతలో అమ్మగా వచ్చిందే ఆవిడ సొంతం, మిగతా ఇల్లంతా మొగుడి పెత్తనం. కాయ వంకర పోకుండా కొసకి కట్టడానికి రాళ్లూ దారాలూ సిద్ధం చేసుకుని కూర్చుంది. పూత విరగబూసింది. పిందెలు మాత్రం పసుపుబారి రాలిపోయాయి. పొట్లపువ్వు విచ్చుకునేది పొద్దుగూకాక. అప్పుడొచ్చి వాలి పుప్పొడి అంటించే రెక్కల పురుగులు, సీతాకోకచిలుకల చుట్టాలే, ఈసారి కనబడలేదు.

సూర్యకళకి దుఃఖం ముంచుకొచ్చింది. ఏడ్చి, ముక్కు చీది, ఒక మగపువ్వు తుంచి మొగుడి చేతిలో పెట్టింది.

ఇప్పుడు రోజూ దీపాలవేళ పెద్దిరాజు పందిరి కింద వంగి, ఆడపువ్వులన్నింటికీ పుప్పొడి అద్దుతున్నాడు. ఇంటి దగ్గరే, పరీక్షా ఇంటర్వ్యూ లేకుండా సీతాకోకచిలుక ఉద్యోగం! ఏ ప్రభుత్వం ఇస్తుందండీ?

నిన్న నడుం పట్టుకుని, "ఒసే, కాఫీ ఏదే?" అన్నాడు.

సూర్యకళ లాంతరు కాస్త పైకెత్తింది.

"ఇదివరకు ఈ పని చేసినవాళ్లు నాలుగాకులు తిని ఊరుకునేవారండీ. మీకేమో కాఫీ, రెండు పూటలా చేపల పులుసూ!"