నెమలి చేపల పెళ్లిచూపులు

మీరు నమ్మరు గానీ, ఇదంతా ఒక కుర్చీ వల్ల వచ్చింది.

మామూలు కుర్చీ కాదు, ఒళ్లు పట్టే కుర్చీ. స్విచ్చి వేస్తే భుజాలు పిసుకుతుంది, పిక్కలు నొక్కుతుంది. శనివారం మా అత్తయ్యగారు దాన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేస్తున్నారు. తైనాన్ నగరంలో మా ఇల్లు అగ్గిపెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. కుర్చీ పట్టే మూల ఒక్కటే ఉంది. ఆ మూలలో నా అక్వేరియం ఉంది.

అందులో నా నెమలి చేపలు, గప్పీలంటారే, అవి! ఐదు తరాలుగా నేనే సంబంధాలు చూసి, పొడుగు తోకవాడికే పిల్లనిచ్చి పెంచిన వంశం. ఇప్పుడు మగవాటికి ఒంటికంటే తోకే పెద్దది. కాలువల్లో అయితే ఈ పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగం ఆడచేపలదే. మెరిసేవాణ్ణి ఏరుకుంటాయి, అందుకే మగవాటికి రంగులొచ్చాయి. ఇదంతా మా ఆవిడ యున్‌జీకి ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

“రంగులు సరే బోలిన్, అవి చేసే పనేంటి?”

“పనేంటంటే... అందంగా ఉండటం!”

“ఆ పని చెయ్యడానికి ఇంట్లో నేనున్నాగా. డాబా మీద డ్రమ్ములో నా కాలువ చేపల్ని చూడు. అదే జాతి, బూడిద రంగు, తోకే లేదు. దోమ పురుగు కనిపిస్తే బతకనివ్వవు.”

ఆ బూడిద చేపల్ని డెంగీ రోజులని మా వార్డు పెద్ద ఇంటింటికీ ఇచ్చాడు. మేమంతా ఆయన్ని మైకు మామ అంటాం. దగ్గొచ్చినా మైకులోనే దగ్గుతాడు. శనివారం డ్రమ్ముల తనిఖీ. ఎవరింట్లో పురుగు కనిపిస్తే వాళ్ల పేరు వీధి వీధంతా వినిపిస్తుంది.

“నా చేపలు మాత్రం దోమల్ని తినవా?” అన్నాను.

“తిని చూపించమను. తనిఖీ నెగ్గితే అక్వేరియం కదలదు. ఓడితే కుర్చీ.”

వెంటనే నా పథకం తయారు. మగచేపల్ని మాత్రమే డాబా ఎక్కించాను, తనిఖీకొచ్చేవాళ్లు చూసి మూర్ఛపోవాలని. వంశం నిలవాలి కాబట్టి ఆడచేపల్ని కిందే ఉంచాను. మరి డ్రమ్ములోని కాలువ చేపల్ని ఎక్కడ పెట్టాలి? వేరే తొట్టి లేదు. అక్వేరియంలో కుమ్మరించాను. నాలుగు రోజులే కదా!

మర్నాడు పొద్దున డాబా ఎక్కితే డ్రమ్ము అంచున పక్క పార్కులో ఉండే కొంగ నిలబడి ఉంది. ముక్కుకి అంటిన ఎర్ర తోక ముక్కని తీరిగ్గా మింగుతోంది.

మెరిసే చేపని కొంగ ముందు చూస్తుంది. తోక బరువుకి ఆ చేప పారిపోలేక దొరికిపోతుంది. తరాల తరబడి అలా మెరిసేవి పోగా మిగిలినవే ఆ బూడిద చేపలు. ఈ సంగతి యున్‌జీకి మూడుసార్లు చెప్పాను. నా చేపలకి చెప్పడం మర్చిపోయాను.

డ్రమ్ము మీద వల కప్పేటప్పటికి రెండే మిగిలాయి. అవైనా పని చేశాయా? తోకలు విప్పుకుని ఒకదానికొకటి సోకు చూపించుకుంటూ కూర్చున్నాయి. చుట్టూ దోమ పురుగులు జాతర చేసుకుంటున్నాయి.

శనివారం పొద్దున్నే, పురుగుల్ని దేవేద్దామని టీ జల్లెడ పట్టుకుని దొంగలా డాబా ఎక్కాను. డ్రమ్ము బోర్లించి ఉంది. తోమి మరీ బోర్లించి ఉంది.

“నీళ్లే లేకపోతే దోమ గుడ్లెక్కడ పెడుతుంది?” వెనక నుంచి యున్‌జీ. “నీ అందగాళ్లిద్దరూ వంటింట్లో జాడీలో ఉన్నారు.”

మైకు మామ వచ్చాడు, డ్రమ్ము చూశాడు, శభాష్ అన్నాడు. దిగి వెళ్తూ అక్వేరియం దగ్గర ఆగిపోయాడు.

“ఇవి మన వార్డు చేపలు కదూ!”

నేనూ వంగి చూశాను. కాలువ కుర్రాళ్లు మెరుపుల్లా తిరుగుతున్నారు. కొత్త మొహాలు కనిపించేసరికి నా ఆడచేపలు వాళ్లని చూసి పక్కకి జరగడం లేదు సరికదా, ఎదురెళ్తున్నాయి! ఐదు తరాల సంబంధాలు నాలుగు రోజుల్లో గంగపాలు.

“వార్డు కోసం ఇంట్లోనే చేపల్ని పెంచుతున్నావా నాయనా!” మామ అప్పటికే మైకు నోటి దగ్గర పెట్టేశాడు. “ప్రజలారా! మన బోలిన్...”

“మా ఆయనకి వార్డంటే ప్రాణం మామా,” అంది యున్‌జీ. “ఇల్లు ఇరుకైపోయిందని ఒకటే బాధ. ఈ తొట్టేదో మీ ఆఫీసులో పెట్టుకుంటే...”

“యున్‌జీ! తనిఖీ నెగ్గాం కదా!” అన్నాను గొంతు తగ్గించి.

“నిన్న డ్రమ్ములో ఏం తిరిగాయో మామకి చెప్పనా? మైకు ఆన్‌లోనే ఉంది.”

నేనే వంగి అక్వేరియం ప్లగ్గు పీకాను. మామ మనుషులు నలుగురు కలిసి దాన్ని ఎత్తుకెళ్లారు. గుమ్మం దగ్గర వాళ్లు పక్కకి తప్పుకోగానే కుర్చీ లోపలికొచ్చింది.

నెల దాటాక వార్డు ఆఫీసుకెళ్లి చూసొచ్చాను.

“పిల్లలు పుట్టాయా?” అంది యున్‌జీ.

“పుట్టాయి.”

“తోకలు?”

“ఉన్నాయి, పేరుకి.”

“ఈత?”

“ఒక్కటీ నా వలకి దొరకలేదు.”

“నీ ఆడచేపలకి బుర్ర ఉందోయ్.”

నాకు పౌరుషం వచ్చింది. “మరి నువ్వు నన్ను ఏం చూసి చేసుకున్నావ్? ఎర్ర స్కూటరూ, నిక్కబొడిచిన జుట్టూ చూసేగా?”

“అవి చూసే అమ్మ వద్దంది. ఓసారి వానలో చెత్తబండి వెళ్లిపోతుంటే, రెండు చేతుల్లో సంచులతో దాని వెనక రెండు వీధులు పరిగెత్తి అందుకున్నావ్. అప్పుడు ఒప్పుకున్నా.”

ఛాతీ పొంగింది. ఇంకాస్త పొంగేదే, కానీ వీధి చివర చెత్తబండి పాట వినిపించింది. యున్‌జీ నా రెండు చేతులకీ రెండు సంచులు తగిలించింది.

“అ-అ-అల్లుడూ!” కుర్చీలో గడగడ ఊగిపోతూ అత్తయ్యగారు కేకేశారు. “మ-మ-మలుపు తిరిగిపోతోంది!”

పరిగెత్తాను.