గోడ మీద ఆకుపచ్చ గీత

అంబులెన్స్ కూడలిలో ఆగిపోయింది. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పాల్సిన కంట్రోల్ రూమ్ తెర బిగుసుకుపోయింది. ఫోన్లో డ్రైవరు అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. పాఠకులారా, కంప్యూటర్ బిగుసుకుపోవడం శాపం కాదు, వరం!

నవ్వకండి. ఆ కంప్యూటర్ల విభాగానికి అధిపతిని నేను. అనుభవంతో చెబుతున్నాను.

బిగుసుకుపోవడంలో ఒకటి మొద్దు రకం. యంత్రం గుర్రుపెట్టి నిద్రపోతుంది. దాన్ని ఎవరు భరిస్తారు? రెండోది మేలుజాతి. పేరు లైవ్‌లాక్. ఫ్యాను హోరెత్తిపోతుంది, ప్రాసెసర్ ఒళ్ళు హూనం చేసుకుంటుంది, క్షణం తీరిక ఉండదు. ఒక్క పనీ పూర్తి కాదు! ఇంతకంటే ఆదర్శ ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు? ప్రమోషన్ ఇవ్వాల్సింది పోయి రిపేరు చేస్తారా?

మా కెర్నెల్ ఇంజినీరు చేస్తానంది. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో అందరికీ మెమరీ పంచిపెట్టే పెద్దమనిషి. ఆవిడ నా ఫైళ్ళన్నీ పక్కకు నెట్టేసింది.

"మెమరీ అంటే ఈ టేబులే అనుకోండి సార్. అంబులెన్స్ మ్యాప్ పరచడానికి కెర్నెల్ ఇంకెవడి సామానో తీసి కింద పెడుతుంది. మ్యాప్ సగం పరిచేలోపే వాడు మళ్ళీ సామానుతో వచ్చేస్తాడు. మ్యాప్ కింద పడుతుంది. మళ్ళీ మొదటికే."

"మరి కెర్నెల్ ఊరుకుంటుందా?"

"కాస్త చోటు దొరికింది కదా, ఇంకోసారి చూద్దాం అంటుంది. చచ్చినా 'లేదు' అనదు."

ఎంత సంస్కారం! నా కళ్ళు చెమర్చాయి. నేనూ అంతే. సెలవు అడిగినా, కొత్త కుర్చీ అడిగినా, "చూద్దాం" అంటాను. ఇదే రిపేరుకి ఆవిడ పోయిన నెలలో అనుమతి అడిగినప్పుడూ అదే అన్నాను.

"ఒక్క నిమిషం అన్నా, వచ్చేస్తోంది," అంటోంది ఆపరేటరమ్మాయి ఫోన్లో.

"ఏం వచ్చేస్తోంది? ఇందాకట్నుంచీ అదే పాట! వెనకాల పెద్దాయనకి ఊపిరాడట్లేదు. ఎడమకా, కుడికా? అదొక్కటి చెప్పు తల్లీ!"

చూశారా, జనానికి ఎంత తొందరో! ఏ యంత్రం ఎంత కష్టపడుతోందో క్షణక్షణం చూడాలని ప్రతి కంప్యూటర్‌లోనూ నేనొక రిపోర్టు ప్రోగ్రామ్ పెట్టించాను. అది గీసే గీత నా గోడ మీది తెరపై కనిపిస్తుంది. ఆ గీత ఆకాశాన్నంటుతోంది. పచ్చగా, కన్నులపండువగా! ఇంత పని జరుగుతుంటే ఆలస్యమంటే నమ్మేదెలా?

"రెండు లైన్లు మారిస్తే చాలు," అంది ఇంజినీరు. "కొన్నిసార్లు ప్రయత్నించాక 'చోటు లేదు' అని కెర్నెల్ ఒప్పుకోవాలి. అందరికంటే ఎక్కువ చోటు మింగుతున్నవాణ్ణి బయటికి గెంటాలి. పరీక్షించి పెట్టాను. ఎక్కించనా?"

గెంటడమా! కమిటీ వెయ్యకుండానా!

"చూద్దాం," అన్నాను.

"అయితే చూడండి," అని మీట నొక్కేసింది.

యంత్రం ఆగి, మళ్ళీ లేచింది. మళ్ళీ అదే పెనుగులాట. ఫ్యాను హోరు. కానీ ఈసారి కెర్నెల్ సిగ్గు విడిచి "లేదు" అనేసింది! ఎవణ్ణో మెడపట్టి గెంటేసింది కూడా. తెర మీద మ్యాప్ విచ్చుకుంది.

"ఎడమకి అన్నా! ఎడమకి తిప్పు! రెండో ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉంది!"

ఫోన్లో సైరన్ కూసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎలా కొట్టను? నా గోడ మీది తెర నల్లబడింది. పచ్చగీత మాయమైంది! ఎవరు ఎంత శ్రమిస్తున్నారో ఇక నాకెలా తెలుస్తుంది?

"ముందు ఆ తిండిపోతు ఎవడో తేల్చండి!" బల్ల గుద్దాను. "ఇన్నాళ్ళూ అంబులెన్స్ చోటు మింగినవాణ్ణి ఈ క్షణమే ఉద్యోగంలోంచి పీకేస్తాను. పేరు చదవండి! గట్టిగా!"

ఆపరేటరమ్మాయి తెర మీదికి వంగి, గదంతా వినబడేలా చదివింది.

"మీ రిపోర్టే సార్!"