మంగళవారం గంట

రామన్నపేట దగ్గరి ఆ పల్లెలో, మంగళవారం తెల్లవారేసరికే చర్చి సంఘపెద్ద ఎల్లయ్య పథకమంతా సిద్ధం చేసుకున్నాడు. నల్లగొండ నుంచి, చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్ద పాస్టరైన పెద్దయ్యగారు బస్సులో వస్తారు. ఆయనకు ఊరి వంటవాడు చోటే మియా చేతి పులావు పెట్టాలి. కడుపు నిండిన మనిషి కాదనలేడు కనుక, ఆయన చేతులు కడుక్కునేలోపే చర్చికి పెంకుల కప్పు అడగాలి. బియ్యమంటారా, చర్చి మూల కాగులో ఉండనే ఉన్నాయి.

అక్కడే ఎల్లయ్య భార్య అరుణమ్మకు ఒళ్ళు మండింది. సంఘం ఆడవాళ్ళు వండుకునే ప్రతిసారీ దేవుని పేర పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం తెచ్చి ఆ కాగులో పోస్తారు. అవి లేనివాళ్ళ కోసం. వానలు ముఖం చాటేసిన ఆ ఏడు, మగడు పోయి పిల్లలతో పస్తులుంటున్న సుక్కమ్మకు ఆ బియ్యం ఇస్తానని అరుణమ్మ మాటిచ్చింది.

"సుక్కమ్మ పొయ్యిల పిల్లి లేస్తలేదు. ఆమె నోటికాడి కూడు అయ్యగారికి పెడ్తవా?"

"జర ఓపిక వట్టు. కప్పు వడ్డంక అందరం సల్లగుంటం. సుక్కమ్మ గుడ."

"గప్పటిదాంక ఏం తినాలె? పెంకులా?"

ఎల్లయ్య చర్చి గంట దగ్గరకు నడిచాడు. గంట కొడితే సంఘమంతా దండలతో వచ్చి బస్సుకు ఎదురెళ్తుందని ఆయన ఆలోచన.

"ఆగు, మంగళారం గంట గొడ్తే..."

"నువ్వు ఊకో. సంఘపెద్దవు నువ్వా, నేనా?"

అరుణమ్మ ఊరుకుంది. మనస్ఫూర్తిగా ఊరుకుంది.

గంట మోగింది. ఆదివారం మోగితే ఆరాధన. వేరే రోజు అది మోగింది ఒకే ఒక్కసారి, చర్చి దగ్గర కరువు సాయంగా వచ్చిన పాలపొడి పంచినప్పుడు. ఆ సంగతి, ఆ రోజు పొరుగూరు వెళ్ళిన ఎల్లయ్యకు తప్ప ఊరంతటికీ తెలుసు. గొర్ల సైదులు చెంబుతో, ఇక్బాల్ బీ తపేలాతో, గుర్వమ్మ ఇంట్లోకెల్లా పెద్ద బిందెతో ఉరికి వచ్చారు. సుక్కమ్మ పిల్లలు తలో ముంతా పట్టుకొచ్చారు.

"పొడి లేదు, పోండ్రి!" అని ఎల్లయ్య అరిచాడు. లేదన్నాడంటే దాచాడన్నమాటేనని జనం ఇంకా ముందుకు జరిగారు. అంతలో చర్చి వెనక పొయ్యి మీంచి పులావు వాసన గుప్పుమంది. పాలపొడి ఊసు అక్కడితో సరి. గిన్నెలన్నీ పొయ్యి వైపు తిరిగాయి.

చోటే మియా గరిటె అడ్డం పెట్టాడు. "అరే ఎల్లయ్యా, ఇరవై మందికంటివి. గీ జాతరేంది?"

సరిగ్గా అప్పుడే పెద్దయ్యగారు బస్సు దిగి నడిచి వచ్చారు. పొయ్యి మీది పులావు డేగిసాను, చుట్టూ ఊరిని, ముంతలు చాచిన పిల్లలను చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇందరికి అన్నం పెడుతున్నారా! ఎన్నో సంఘాలు చూశాను ఎల్లయ్యా. సంఘమంటే ఇదీ! ఎవరిది ఈ తలంపు?"

ఎల్లయ్య చోటే మియా వైపు చూశాడు.

"ఈనదే అయ్యగారూ," అంది అరుణమ్మ. "పొద్దుగాల లేచిన కాడికెల్లి గీ అన్నం ఫికరే."

పెద్దయ్యగారు చొక్కా చేతులు మడిచి గరిటె అందుకున్నారు. మొదటి వడ్డన సుక్కమ్మ పిల్లలకే పడింది. ఊరంతా తలా పిడికెడు తిని చేతులు నాకుతుండగా, అరుణమ్మ కాగులో మిగిలిన బియ్యమన్నీ తెచ్చి సుక్కమ్మ కొంగులో పోసింది. ఆ ఏడాదిలో అరుణమ్మ అంత సంతోషపడ్డది లేదు.

ఎల్లయ్య చివరి ఆశతో దగ్గరకు వెళ్ళాడు. "అయ్యగారూ, కప్పుకు జర పెంకులు..."

"గడ్డి కప్పు కిందే ఇంత పని చేసే సంఘానికి పెంకులెందుకయ్యా? ప్రతి మంగళవారం ఇలాగే గంట కొట్టు. బియ్యం నేను పంపిస్తాను."

జనం చప్పట్లు కొట్టారు. డేగిసాలో ఎల్లయ్యకు ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.

తరువాతి ఆదివారం ఆయన సాక్ష్యం చెబుతూ, ఆ రోజు తాను ఉపవాసమున్నానన్నాడు.