చెంచాకి సున్నా

ఈ దేశంలో మనకు దొరికిన గొప్ప ఆశీర్వాదం గ్రీన్ కార్డ్ అనుకుంటున్నారా? కాదండీ, సున్నా! నమ్మకపోతే కాఫీ క్రీమర్ డబ్బా వెనక్కి తిప్పి చదవండి: ట్రాన్స్ ఫ్యాట్ 0 గ్రాములు.

మిషిగన్‌లోని నోవైలో మా తెలుగు చర్చి సంఘానికి ఆరేళ్లుగా ఆదివారం టీ కాచేది నేనే. పాలు పోయను. క్రీమర్ పొడి, కప్పుకి నాలుగు చెంచాలు. నాలుగు సున్నాలు కలిపితే ఎంత? ఇంజనీరుని, ఆ మాత్రం లెక్క రాదా?

అయినా ఇంట్లోనే శత్రువులుంటారు. మా అమ్మాయి జోసఫిన్ హైస్కూల్లో బయాలజీ చదువుతోంది. వంటనూనె అణువులకు తోకలుంటాయట. అవి వంకరగా ఉండి ఒకదానికొకటి ఒదగవు కాబట్టే నూనె పారుతుందట. ఫ్యాక్టరీలో హైడ్రోజన్ పట్టిస్తే కొన్ని తోకలు నిటారుగా సాగి, కట్టెల మోపులా సర్దుకుని గడ్డకడతాయట. అదే ట్రాన్స్ ఫ్యాట్, గుండెకి చేటట. వంకర తీసి బుద్ధిగా నిలబెడితే తప్పా? మనం పిల్లల్ని పెంచేదీ అలాగేగా!

"డాడీ, సర్వింగ్‌కి హాఫ్ గ్రామ్ కన్నా తక్కువ ఉంటే జీరో అని రాయొచ్చు. సర్వింగ్ అంటే వన్ స్పూన్," అంది.

ఎంత దయగల రూలు! సగానికి తగ్గితే అసలు లేనట్టే. ఆ రోజు నుంచే నేనూ అమల్లో పెట్టాను. ఆఫీస్‌కి ఇరవై నిమిషాలు లేటయితే సున్నా గంటలు లేటు. డ్రైవ్‌వేలో మంచు సగానికి పైగా తీసేస్తే మిగిలింది సున్నా. స్టాప్ సైన్ దగ్గర వేగం సగానికి పైగా తగ్గిస్తే మిగిలింది సున్నా, అంటే ఆగినట్టే. నన్ను పట్టుకున్న పోలీసాయన మాత్రం ఈ లెక్కలు చదువుకోలేదు, టికెట్ రాసిచ్చాడు.

నా టీకి పరమభక్తులు రత్నరాజుగారు. ఆ డబ్బా పేరు అడిగి రాసుకుని, ఇంట్లోనూ అదే టీ, రోజుకి ఐదు కప్పులు. పోయిన నెల ప్రార్థన మధ్యలో ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. రెండు స్టెంట్లు వేశారు.

చూడ్డానికి వెళ్లాను. ఆయన భార్య రూతుగారు ట్రాన్స్ ఫ్యాట్ ఉన్నవి ఏమేం తీసుకుంటారో రాయమని ఆస్పత్రివాళ్లిచ్చిన డైట్ ఫారం నింపుతున్నారు. నెయ్యి మానేసి మూడేళ్లయింది, వేపుళ్లు లేవు, కేకు ముట్టరు, ఇంకేం మానాలో అర్థం కావడం లేదని కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నావైపు చూశారు.

"టీ గురించి రాయాలా బ్రదర్? అందులో ఆ ఫ్యాట్ లేదన్నారు కదా మీరు?"

నాకు సిగ్గేసింది. నాలుగు చెంచాలు, ఐదు కప్పులు, ఏళ్ల తరబడి. ఆ గుణకారం చెప్పడానికి నోరు తెరిచాను.

"సున్నా అనే రాసి ఉందమ్మా," అన్నాను.

ఆవిడ నమ్మి టీ రాయకుండా వదిలేశారు. డబ్బా మీద రాసినవాడిలాగే నేనూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.